300 ప్రతుల మహాప్రసాదం

మొన్న శుక్రవారం ఒక ఇండిపెండెంట్ మ్యూజిక్ ప్రొడ్యూసర్‌గారు కొత్త హౌస్ మ్యూజిక్ (క్లబ్బుల్లో డాన్సు కోసం పుట్టిన సంగీతం) రికార్డు విడుదల చేశారు. 12 అంగుళాల వినైల్, అంటే పాత గ్రామఫోన్ తరహా ప్లాస్టిక్ పళ్లెం, 300 ప్రతులే. డిజిటల్‌లో రాదు, మళ్లీ ముద్రించరు. 4 నిమిషాల్లో ఖాళీ. నేను ఓటీపీ దగ్గరే ఉండిపోయాను. ఐదో నిమిషానికి అదే రికార్డు వేరేచోట నాలుగు రెట్ల ధరకు ప్రత్యక్షం.

ఆయన్ని తప్పు పట్టలేం. ప్రతి కవరు మీదా స్వయంగా రబ్బరు స్టాంపు వేసి, చేత్తో నంబరు రాశారట. తహసీల్దారు ఆఫీసులో జీవితమంతా స్టాంపులు వేసిన గుమాస్తాని మాత్రం ఎవరూ కళాకారుడనలేదు, పాపం.

ఇక పాట. ల్యాప్‌టాప్‌లో చేస్తారు. మరీ శుభ్రంగా ఉందని పాత రికార్డు చిటపటల కోసం ప్లగిన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కొంటారు. చిటపటలు కలిపిన ఆ ఫైలుని వినైల్ మీదికి ఎక్కిస్తారు. వినైల్ తన సొంత చిటపటలు కొసరు వేస్తుంది. కొన్నవాడు వింటాడా అంటే అదీ లేదు, సీలు తీస్తే రేటు పడిపోతుంది. ఫొటో తీసి, అరలో నిలబెట్టి, రోజూ తుడుస్తాడు. మా మేనత్త షోకేసులో పెళ్లినాటి టీ కప్పులూ అంతే. ఆవిడైనా వాటి గురించి మాకు క్లాసు పీకలేదు.

ఈ కొన్నాయన పీకుతాడు. కవరు మీద 'షికాగో ఆత్మ' అని ఉంది మరి!

1977 నుంచి షికాగోలో వేర్‌హౌస్ క్లబ్బులో డీజే ఫ్రాంకీ నకిల్స్ రికార్డులు తిప్పుతుంటే అక్కడ చేరింది ఎక్కువగా నల్లజాతి కుర్రాళ్లు, గే కుర్రాళ్లు. 'హౌస్' అన్న పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందంటారు. ఆ ఊరి ట్రాక్స్ రికార్డ్స్ అనే కంపెనీ పాత రికార్డులు కరిగించి కొత్తవి అచ్చేసేది. ఆ చిటపటలకు ప్లగిన్ అక్కర్లేదు, పిసినారితనం చాలు. ఆ కంపెనీకి పాటలిచ్చిన లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ రాయల్టీ ముట్టలేదంటూ 2020లో కోర్టుకెక్కారు. 2022లో రాజీ కుదిరాక గానీ తమ పాటలు తమ చేతికి రాలేదు. జుట్టు నెరిసేదాకా కొట్లాడింది అందుకా? ప్రొడ్యూసరూ, నువ్వొచ్చి షికాగో పేరు చెప్పుకుని, 300 మంది అద్దాల అరల్లో దాచుకోవడానికా? అవి జనం చెమటలు కక్కుతూ ఎగరడానికి చేసిన పాటలురా నాయనా!

డబ్బుల్లేక 300 వేశానంటే దండం పెడతాను. చిన్న బ్యాచ్‌కి ఖర్చు ఎక్కువే పడుతుంది. పాట ఫైలు నెట్‌లో పెట్టడానికి ఏం రోగం?

నిన్న ఇంకో ప్రకటన వచ్చింది. అదే రికార్డు, నారింజ రంగులో, 100 ప్రతులు. పునర్ముద్రణ కాదట, 'వేరే ఎడిషన్' అట. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి. ఈసారి ఫోను చేత్తోనే పట్టుకుని కూర్చుంటాను.