కీబోర్డుకు ఇంటర్నెట్‌తో ఏం పని?

ఆండ్రాయిడ్ ఫోన్లో బయటి నుంచి తెచ్చుకున్న కీబోర్డు యాప్‌ను ఆన్ చేయబోతే ఒక హెచ్చరిక వస్తుంది. మీరు టైప్ చేసేదంతా, పాస్‌వర్డులూ క్రెడిట్ కార్డు నంబర్లతో సహా, ఈ యాప్ సేకరించే అవకాశం ఉందని దాని సారాంశం. ప్లేస్టోర్‌లో ‘తెలుగు కీబోర్డు’ అని వెతికి, రంగులూ స్టిక్కర్లూ చూసి డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లలో ఆ మాట చదివి వెనక్కి తగ్గేవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు వాళ్లది కాదు. ఆ హెచ్చరిక నిజాయితీగా పనిచేసే కీబోర్డుకూ వస్తుంది, మాయదారి కీబోర్డుకూ వస్తుంది. అందరికీ ఒకేలా వచ్చే హెచ్చరిక ఎవరినీ ఆపదు. ‘మేం ముందే చెప్పాం కదా’ అనడానికి గూగుల్‌కు తప్ప దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

అసలు కీబోర్డును ఒక యాప్ అని ఎవరూ అనుకోరు. అది ఫోన్లో భాగమే అనుకుంటారు. లోన్ యాప్ కాంటాక్టులు అడిగితే ఇప్పుడు జనం కాస్త ఆలోచిస్తున్నారు. టార్చిలైటు యాప్ లొకేషన్ అడిగితే నవ్వుతున్నారు. వాటన్నిటికంటే ఎక్కువ తెలిసేది మాత్రం కీబోర్డుకే. వాట్సాప్‌లో మనం రాసింది అవతలివాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేరని ఆ కంపెనీ చెబుతుంది, అది నిజమే. అయితే ఆ రక్షణ మొదలయ్యేది పంపే బటన్ నొక్కాకే. అంతకుముందే అక్షరం అక్షరం కీబోర్డు చేతుల మీదుగా వెళుతుంది. ఉత్తరం రాస్తుండగానే భుజం మీంచి చదివేవాడికి, తర్వాత అంటించే కవరు అడ్డమా?

ఆధార్ నంబరు, కార్డు వెనకున్న మూడంకెలు, చేత్తో కొట్టిన ఓటీపీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెతికిన జబ్బు పేరు, కోపంలో టైప్ చేసి పంపకుండానే చెరిపేసిన మాట... ఇవన్నీ కీబోర్డు చూస్తుంది. కాపీ చేసినవీ చూస్తుంది. ఒక యాప్‌లో కాపీ చేసినదాన్ని ఇంకో యాప్ వెనకనుంచి చదవకుండా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 అడ్డుకట్ట వేసింది. వాడుకలో ఉన్న కీబోర్డుకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఇవ్వక తప్పదు కూడా, లేకపోతే కీబోర్డు తన పని చేయలేదు. ఒక్క విషయంలో మాత్రం పాఠకులు టెన్షన్ పడనక్కర్లేదు. యూపీఐ చెల్లింపుల్లో పిన్ కొట్టేటప్పుడు తెరమీదికొచ్చే అంకెల పలక మీ కీబోర్డుది కాదు, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌ది. ఆ పిన్ బయటి కీబోర్డు చేతికి చిక్కదు. అంటే రహస్యంగా ఉండాల్సిన చోట కీబోర్డును పక్కన పెట్టొచ్చని మన దేశంలోనే ఒక వ్యవస్థ చేసి చూపించింది.

ఇదంతా ఉత్త అనుమానం అనేవాళ్లు 2017 డిసెంబరులో బయటపడిన ‘ఏఐ టైప్’ సంగతి తెలుసుకోవాలి. అది టెల్ అవీవ్‌లోని ఒక స్టార్టప్ చేసిన కీబోర్డు, కోట్ల ఫోన్లలో ఉండేది. ఆ కంపెనీ డేటాబేసు పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉండటం క్రోమ్‌టెక్ అనే భద్రతా సంస్థ పరిశోధకుల కంటపడింది. అందులో ఉన్నది 577 గిగాబైట్ల డేటా. 3 కోట్ల 10 లక్షల మందికి పైగా వాడకందారుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, హ్యాండ్‌సెట్ వివరాలు, కొందరివి ఉన్న ఊరితో సహా. టైప్ చేసిన మాటలు గోప్యంగా ఉంటాయని కంపెనీ చెప్పుకునేది. ఆ డేటాబేసులోని ఒక పట్టికలో మాత్రం కీబోర్డు మీద టైప్ చేసిన పాఠం 86 లక్షలకు పైగా వరుసల్లో కనిపించింది. ఫోన్ నంబర్లు, వెతికిన మాటలు, కొన్నిచోట్ల ఈమెయిలూ దాని పాస్‌వర్డూ పక్కపక్కనే.

అంతకంటే ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. వాడకందారుల ఫోన్లలోని కాంటాక్టుల నుంచి తీసుకున్న 37 కోట్లకు పైగా నంబర్లు అందులో ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఆ కీబోర్డు పేరు కూడా విని ఉండరు. ఏ ‘సరే’ బటనూ నొక్కలేదు. వాళ్ల నంబరు దాచుకున్న బంధువో, స్నేహితుడో, కరెంటు పనికొచ్చిన మనిషో నొక్కాడు. ‘నా డేటా, నా ఇష్టం’ అనే వాదన ఇక్కడ చెల్లదు. ఆ యాప్ కథ అక్కడితో ముగియలేదు. వాడేవాళ్లకు తెలియకుండా వాళ్ల ఫోన్ల నుంచి డబ్బు కట్టాల్సిన సేవలకు అభ్యర్థనలు పంపుతోందని 2019లో అప్‌స్ట్రీమ్ అనే సంస్థ వెల్లడించింది. ఆ ఏడాది జూన్‌లోనే దాన్ని ప్లేస్టోర్ నుంచి తీసేశారు. తొలి ఉదంతానికీ తొలగింపుకూ మధ్య ఏడాదిన్నర గడిచింది.

దురుద్దేశమే ఉండాలని లేదు. ‘స్విఫ్ట్‌కీ’ని 2016లో మైక్రోసాఫ్ట్ కొన్నది. ఆ సంవత్సరం మధ్యలో కొందరికి తాము టైప్ చేస్తుండగా ముక్కూముఖం తెలియనివాళ్ల ఈమెయిళ్లూ ఫోన్ నంబర్లూ సూచనలుగా రావడం మొదలైంది. ఒకరి కీబోర్డు నేర్చుకున్నది ఇంకొకరి కీబోర్డులో తేలింది. కీబోర్డు నేర్చుకున్నదాన్ని సర్వరులో దాచే సింక్ సేవను కంపెనీ హడావుడిగా ఆపేసింది. పెద్ద కంపెనీ, మంచి ఇంజినీర్లు, అయినా జరిగింది. సర్వరు మీదికి ఎక్కిన మాట ఎక్కడ దిగుతుందో ఎక్కించినవాళ్లకూ తెలియదు.

చైనా అనుభవం మనకు మరింత దగ్గరిది. అక్కడి ప్రజలు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ ప్రకారం కొడితే కీబోర్డు చైనీస్ గుర్తులుగా మారుస్తుంది. ఒకే ఉచ్చారణకు బోలెడు గుర్తులు ఉంటాయి కాబట్టి, ఏది సరైనదో తేల్చడానికి చాలా కీబోర్డులు కొట్టినదాన్ని సర్వర్లకు పంపి అడుగుతాయి. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2023 ఆగస్టులో ‘సోగౌ’ కీబోర్డు మీద నివేదిక ఇచ్చింది. చైనా సంస్థ టెన్సెంట్‌కు చెందిన దాన్ని అప్పటికి నెలకు 45 కోట్ల మంది వాడుతున్నారు. ప్రపంచమంతా వాడే ప్రామాణిక పద్ధతిని వదిలి ఆ కంపెనీ సొంతంగా అల్లుకున్న ఎన్‌క్రిప్షన్‌లో, అంటే దారిలో ఎవరూ చదవకుండా మాటకు వేసే తాళంలో, లోపం ఉందని, నెట్‌వర్క్ మీద కాపు కాసినవాళ్లు జనం టైప్ చేస్తున్నది చదివేయొచ్చని తేలింది. 2024 ఏప్రిల్‌లో అదే ల్యాబ్ తొమ్మిది కంపెనీల కీబోర్డులను పరీక్షిస్తే ఎనిమిదింటిలో లోపాలు కనిపించాయి. శాంసంగ్, షావోమీ, ఒప్పో, వివో పేర్లూ ఆ జాబితాలో ఉన్నాయి. హువావే ఒక్కటే గట్టెక్కింది. మొత్తం మీద 100 కోట్ల మంది వరకూ ప్రభావితులై ఉండొచ్చని అంచనా వేశారు. అవి చైనీస్ టైపింగ్‌లోని లోపాలు, చాలావరకు సరిచేశారు కూడా. వాటిని పట్టుకుని మన దగ్గర అమ్మే ఆ కంపెనీల ఫోన్లన్నీ దొంగ ఫోన్లనడం సరికాదు.

పట్టుకోవాల్సింది ఆ పనితీరును. తెలుగువాళ్లలోనూ ఎంతోమంది టైప్ చేసే పద్ధతి అదే. కె-ఎ-ఎల్-ఎ-ఎం అని కొడతాం. కలమా, కాలమా, కళమా అన్నది కీబోర్డు తేల్చి చూపించాలి. గుణింతాలు, ఒత్తులు ఏ మీట కింద ఉన్నాయో వెతుక్కోవడం ఓపిక లేని పని. అందుకే ఇంగ్లిష్‌లో కొడితే తెలుగులో పడే కీబోర్డుల కోసం జనం ఎగబడతారు. అది కూడా బరువనుకుంటే మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. ఈ రెండు పనులనూ ఫోన్లోనే చేసే యాప్‌లు ఉన్నాయి, సర్వరుకు పంపి చేయించే యాప్‌లూ ఉన్నాయి. ఏది ఏ రకమో వాడేవాళ్లకు సులువుగా తెలిసే దారి లేదు. ఇంగ్లిష్‌లో రాసుకునేవాడికి ఫోన్‌తో వచ్చిన కీబోర్డు చాలు. సొంత భాషలో రాసుకోవాలనుకున్నవాళ్లలో ఎంతోమంది ఊరూపేరూ లేని కంపెనీల గుమ్మం తొక్కుతున్నారు. భాష మీద మమకారానికి ఇదా మూల్యం?

తెలివైన సూచనలు కావాలంటే డేటా ఇవ్వక తప్పదని కంపెనీలు అంటాయి. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఫోన్లు ఎంత శక్తిమంతమైనవంటే పదాల మార్పిడి, దిద్దుబాటు, తర్వాతి మాట సూచన అన్నీ వాటిలోనే జరిపించొచ్చు. మనిషి రాసిన పాఠాన్ని బయటికి పంపకుండా, ఫోన్లోనే నేర్చుకుని, ఆ నేర్చుకున్నదాని సారం మాత్రమే పంపే విధానాన్ని గూగుల్ తన కీబోర్డు ‘జీబోర్డు’లో 2017లోనే పరీక్షించింది. గూగుల్‌ను కళ్లు మూసుకుని నమ్మమని కాదు మేం చెప్పేది. మన గురించి తెలుసుకోవడానికి దానికి కీబోర్డు ఒక్కటే దారి కాదు, అది వేరే సంగతి. సాంకేతికంగా కుదరదన్న సాకు మాత్రం చెల్లదంటున్నాం. హెలీబోర్డ్ లాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా సోర్సు కోడ్ చూసుకోగల) కీబోర్డులైతే ఇంటర్నెట్ అనుమతే అడగవు. అందులో ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు పడే సౌకర్యం లేదు, అక్షరాల పలక అలవాటు చేసుకోవాలి. హంగులూ తక్కువే.

ఇక్కడ ఆండ్రాయిడ్‌ను తప్పుపట్టాలి. ఐఫోన్లో 2014 నుంచి బయటి కీబోర్డులను అనుమతిస్తున్నారు. ‘ఫుల్ యాక్సెస్’ అనే మీటను యజమాని స్వయంగా ఆన్ చేస్తే తప్ప అవి నెట్‌వర్క్‌లోకి వెళ్లలేవు. పాస్‌వర్డు కొట్టే చోట ఫోన్ తన సొంత కీబోర్డునే ముందుకు తెస్తుంది. ఆ ఏర్పాటులోనూ 2019లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13 వచ్చిన కొత్తలో ఒక లోపం దొర్లింది, యజమాని ఒప్పుకోకపోయినా కొన్ని కీబోర్డులకు ఫుల్ యాక్సెస్ దక్కే పరిస్థితి వచ్చింది, రోజుల్లోనే సరిదిద్దారు. ఆండ్రాయిడ్‌లో లోపం కాదు, విధానమే వేరు. అక్కడ ఇంటర్నెట్ అనుమతిని మామూలు అనుమతిగా లెక్కగట్టి, యాప్ ఇన్‌స్టాల్ కాగానే యజమానిని అడగకుండా ఇచ్చేస్తారు. కెమెరాకు అడుగుతారు, మైకుకు అడుగుతారు, లొకేషన్‌కు అడుగుతారు. అన్నీ టైప్ చేసే యాప్ బయటి ప్రపంచంతో మాట్లాడటానికి మాత్రం అడగరు. మన దేశంలో అత్యధికుల చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడే.

చట్టం ఏమంటోంది? గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు మరో రెండేళ్లకు, 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది అక్కడినుంచి 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో. ఇంత నత్తనడకను సమర్థించలేం గానీ, చట్టంలో పనికొచ్చే సరుకు ఉంది. సమ్మతి గురించి చెప్పే 6వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోన్లో వైద్యుడి సలహా ఇచ్చే యాప్ కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, మనిషి రెండింటికీ ఒప్పుకున్నాడు. అయినా సరే, వైద్య సలహాకు కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి వైద్య సలహా వరకే చెల్లుతుంది. ఈ ఉదాహరణలో వైద్య యాప్‌ను తీసి కీబోర్డును పెట్టి చదవండి. అక్షరాలు కొట్టడానికి కాంటాక్టులు ఎందుకు? లొకేషన్ ఎందుకు? కొట్టినదాన్ని ఇంకో దేశంలోని సర్వరులో దాచడం ఎందుకు?

సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లిష్‌లోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు కల్పించాలని కూడా ఆ చట్టం చెబుతోంది. తెలుగు టైప్ చేయడానికే పుట్టిన యాప్‌లు తమ గోప్యతా విధానాన్ని మాత్రం ఇంగ్లిష్‌లో, అదీ లాయర్లు రాసుకునే ఇంగ్లిష్‌లో పెట్టడం ఇకమీదట చెల్లకూడదు. డేటాను కాపాడలేకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకూ ఉంది. ఆ సొమ్ము చేరేది ప్రభుత్వ సంచిత నిధికి. పాస్‌వర్డు పోగొట్టుకున్న మనిషికి అందులోంచి దమ్మిడీ రాదు. ఈ లోటును పార్లమెంటు ఎప్పటికైనా సరిచేయాల్సిందే.

మేం కోరుతున్నది పెద్దదేమీ కాదు. కీబోర్డులను మిగతా యాప్‌లతో కలిపి చూడకుండా ప్రత్యేక తరగతిగా గుర్తించాలి. యజమాని ఆన్ చేస్తే తప్ప ఏ కీబోర్డుకూ ఇంటర్నెట్ అందకూడదు. ఇది గూగుల్ ఒక్క అప్‌డేట్‌తో చేయగల పని. గూగుల్ చేయకపోతే కేంద్ర ఐటీ శాఖ చేయించాలి. మన దేశంలో అమ్మే ఫోన్లలో భారతీయ భాషలు చదివే, టైప్ చేసే వీలు ఉండాలని 2016లో కేంద్రమే ఆదేశించింది. భాష ఉండాలని చెప్పగలిగిన ప్రభుత్వం, ఆ భాషలో రాసుకున్నది ఫోన్ దాటి పోకూడదని చెప్పలేకపోతుందా? భాషిణి పేరుతో ప్రజాధనంతో తెలుగు సహా మన భాషల సాంకేతికత తయారవుతోంది. దాన్నుంచి ఇంటర్నెట్ అవసరం లేని, ఎవరైనా సోర్సు కోడ్ చూసుకోగల తెలుగు కీబోర్డును ఆశించడం అత్యాశ కాదు.

రెండు తెలుగు రాష్ట్రాలు కేంద్రం కోసం ఎదురుచూడాల్సిన అవసరమూ లేదు. చైనా సంస్థ బైదు తయారుచేసిన జపనీస్ టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కొట్టినదాన్ని సర్వర్లకు పంపుతోందని 2013 డిసెంబరులో తేలగానే, ప్రభుత్వ కార్యాలయాల్లో దాన్ని వాడొద్దని జపాన్ తన మంత్రిత్వ శాఖలకు చెప్పింది. మన దగ్గర తహసీల్దారు నుంచి పోలీసు స్టేషన్ రైటరు దాకా, గ్రామ కార్యదర్శి నుంచి ఆశా కార్యకర్త దాకా జనం వివరాలను సొంత ఫోన్లలోనే తెలుగులో టైప్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. లబ్ధిదారు ఆధార్ నంబరు, ఫిర్యాదు చేసిన ఆడబిడ్డ పేరు, గర్భిణి ఆరోగ్య వివరాలు ఏ కీబోర్డు మీదుగా వెళుతున్నాయో అడిగిన అధికారి ఉన్నాడా? ప్రభుత్వ పనికి ఏ కీబోర్డు వాడొచ్చు, ఏది వాడకూడదు, ఎలా తీసేయాలి అన్నది చెప్పే ఒక్క పేజీ సర్క్యులర్, అదీ తెలుగులో, అమరావతి నుంచీ హైదరాబాద్ నుంచీ ఈ నెలలోనే వెళ్లొచ్చు.