ఉమ్మిగిన్నె గారికి ఓ డ్రైవరు వ్రాయునది

మహారాజశ్రీ ఇటలీ దేశపు బరోలో కొండల్లో ఒకానొక పాత వైనరీలో, బల్ల నడుమ కొలువుదీరిన ఉమ్మిగిన్నె గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. మధ్యాహ్నం కళ్ళారా చూశాను, పీకల దాకా తాగి ఉన్నారు.

నన్ను గుర్తుపట్టకపోవచ్చు. బల్లకి ఎడమ చివర, తెల్ల చొక్కా. ఇప్పుడది తెల్లగా లేదు.

తమరి దర్శనభాగ్యం మా బావమరిది పుణ్యం. తూరిన్‌లో ఉద్యోగం చేస్తాడు. మన లైసెన్సుని అక్కడి లైసెన్సుగా మార్చరు కాబట్టి ఇటాలియన్లో పరీక్ష రాసి నిరుడే కొత్తది తెచ్చుకున్నాడు. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు మూడేళ్ళ దాకా చుక్క తాగి బండి ముట్టుకున్నా నేరం. మిగతావాళ్ళకి లీటరు రక్తంలో 0.5 గ్రాముల దాకా చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈ రూలు మీద వాడు కట్టిన లెక్క ఏమిటంటే, "బావా, నాకు సున్నా. నీకు 0.5 ఉంది. అంచేత నువ్వే నడుపు." అంటే చుక్క ముట్టకూడనివాడు గ్లాసులు ఖాళీ చెయ్యాలి, కాస్త పుచ్చుకోవచ్చన్నవాడు రుచి చూసి ఉమ్మేస్తూ తమరి ముందు వంగి నిలబడాలి. ఇంటర్నేషనల్ పర్మిట్ కోసం నేను ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగింది ఇందుకన్నమాట.

మిగతా విషయాల్లో నాకు పెద్ద ఫిర్యాదుల్లేవు. రెండున్నరకి రమ్మని మూడుంపావుకి తలుపు తీశారు, సరే, భోజనాల వేళ. నంజుకోడానికి గ్రిస్సీని అని పుల్లలు పెట్టారు, జంతికలు ఉప్పూ కారం మర్చిపోతే అలా ఉంటాయి. గ్లాసు ఊపి, ఇందులో తారు వాసనా గులాబీ వాసనా పట్టుకోండి అంది ఇంటావిడ. తారు వాసన మాకు నేర్పాలా? ఎన్నికలకి నెల ముందు మా వీధికి రమ్మనండి. టానిన్ అంటే ఏమిటో పది నిమిషాలు చెప్పింది. నాలుక ముడుచుకుపోతుందట, చిగుళ్ళు పట్టేస్తాయట. అమ్మా, దాన్ని వగరు అంటారు, మామిడి పిందె ముక్కలేసి ఉగాదికి ప్రసాదంలా పంచుతాం అని చెబుదామనుకున్నాను. అప్పుడు నా నోటి నిండా వైన్ ఉంది. తమరేమో ఎదురుగా నోరు తెరుచుకుని ఉన్నారు.

అసలు సంగతికి వస్తాను.

ఆ ఇంటి నేలమాళిగ చూశాను. మా తాతగారింటి ధాన్యం గాదె అంత పీపాలు, స్లవోనియా ఓక్ చెక్కవి. 1980ల్లో, 90ల్లో చుట్టుపక్కల కుర్రాళ్ళు 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాల మోజులో పడి తండ్రులతో తగువులు పెట్టుకున్నా, ఈ ఇంటివాళ్ళు పెద్ద పీపాల్ని వదల్లేదట. ఆవిడ ఒక పీపాని ఎద్దు మూపు తట్టినట్టు తట్టి చెప్పింది. వైన్ బరోలో అనిపించుకోవాలంటే నెబ్బియోలో ద్రాక్ష తప్ప ఇంకోటి కలపకూడదు. కోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కేసి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కలోనే. అలా మూడేళ్ళ పైచిలుకు చీకట్లో తపస్సు చేసి వచ్చిన 2021 పంట నా నోట్లో ఉన్నది పది సెకన్లు. తరువాత తమరి పాలు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే.

నాకు ఉమ్మడం చేతకాదని కూడా ఇవాళే తెలిసింది. పక్కన ఒక జర్మన్ పెద్దాయన పెదాలు సున్నా చుట్టి, జానెడు దూరం నుంచి సన్నటి దారం వదిలినట్టు తమరి నడిమధ్యలోకి వదిలేవాడు. నాది గడ్డం మీదుగా కాలవ కట్టింది. రెండోసారి దగ్గరికి వంగితే తమరు తిరిగి నా మొహం మీదే చిందించారు. అది నాది ఒక్కడిదే అయితే సర్దుకుపోయేవాణ్ణి. ఆరుగురి ఎంగిలి! గ్లాసుకి మూతి తగలకుండా ఎత్తి తాగమని పెంచిన ఇంట్లో పుట్టాను. కింద పడ్డ మెతుకు కళ్ళకద్దుకోమన్న నాయనమ్మ ఈ దృశ్యం చూడకుండా పోయింది, అదృష్టవంతురాలు. అపార్ట్‌మెంటు మెట్ల మూలల్లో కిళ్ళీ ఉమ్మేవాళ్ళని జీవితమంతా తిట్టాను. ఈ పనికి వాళ్ళే సరి. ఒక్కొక్కడు ఆ జర్మన్ చేత దణ్ణం పెట్టించుకునేవాడు.

ఇటాలియన్లో తమరిని స్పుతక్కియేరా అంటారట. పలికితేనే సగం ఉమ్మినట్టుంది. మన జమీందార్ల ఇళ్ళలోనూ తమరి చుట్టాలు ఉండేవారు, తమ్మపడిగలని. కానీ వాటి మర్యాద వేరు. రసమంతా మనిషి మింగి, పిప్పి మాత్రమే వాటికిచ్చేవాడు. నీ దగ్గరికి వచ్చేసరికి రసం నీకు, పిప్పి నాకు! నాలుగు రకాలకి ముప్పై యూరోలు కట్టింది నేను. మన మూడు వేలు. తాగింది నువ్వు. ఎదురుగా కూర్చున్న జంట ఒక గుక్క తాగి మిగతాది ఊరికే నీలో వంపేశారు, నోట్లో పెట్టుకోను కూడా లేదు. ఆ ఊళ్ళో ఇవాళ నీ అంత బరోలో తాగినవాడు లేడు. పోనీ దాచుకున్నావా? ఒకమ్మాయి వచ్చి నిన్నెత్తుకెళ్ళి సింకులో బోర్లించింది. గలగలమంటూ పోయింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. అంత తిని కనీసం అరిగించుకోవడమైనా రాదా నీకు?

క్షమించాలి. తమరు పెద్దలు, నోరు జారాను.

జారిందంటే గుర్తొచ్చింది, ఒక ఒప్పుకోలు. నాలుగోది రిసెర్వా. 62 నెలలు ఆగినది. చూడ్డానికి పల్చటి ఇటుక రంగు, ఇదేం ఎర్ర వైన్ అనుకున్నాను. నోట్లో పోసుకున్నాక ఆ వగరు అలాగే నిలబడింది గానీ దాని వెనక ఇంకేదో వచ్చింది, ఎండిన గులాబీ అనండి, పాత బీరువా తలుపు తీసినప్పటి వాసన అనండి. తమరు యథాప్రకారం నోరు తెరిచి చూస్తున్నారు. నేనూ తమరి కళ్ళలోకే చూస్తూ మింగేశాను.

తరువాత భయమేసింది. అది ఒక్క గుక్కే, 0.5 దరిదాపులకి కూడా పోదని బావమరిది ఒట్టేసి చెప్పాడు. తాగినవాడి లెక్క నమ్మి పరాయి దేశంలో స్టీరింగు పట్టుకోలేక, ద్రాక్షతోట గట్టు మీద బెంచీలో రెండు గంటలు కూర్చున్నాను. వాడు కారులో గుర్రుపెట్టాడు. కింద లోయలోంచి పొగమంచు మెల్లగా పైకి వచ్చింది. నెబ్బియా అంటే పొగమంచట, ఆ ద్రాక్షకి పేరు దాన్నుంచే వచ్చిందంటారు. నా నోట్లో ఆ వగరు అప్పటికీ వదల్లేదు. నిజం చెప్పొద్దూ, వదలాలని కూడా అనుకోలేదు.

ఇట్లు,
తమరి కడుపులో ఇరవై రెండున్నర యూరోలు పోసిన
ఒక డ్రైవరు

తా.క.: వాడు నిద్ర లేచాడు. వచ్చే శనివారం బార్బరెస్కో వెళ్దాం బావా అంటున్నాడు. అక్కడ తమరి బంధువులెవరైనా ఉంటే, నేను మింగే రకమని ముందే ఒక మాట చెప్పి ఉంచండి.