యాప్‌లో వచ్చిన నక్షత్రాలు పాపకు వచ్చిన చదువు కాదు

చిన్నపిల్లలున్న తల్లిదండ్రుల గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక సందేశం తిరుగుతోంది. ఏఐ యాప్‌లు పిల్లల స్థాయిని వాటంతటవే గ్రహించి పాఠం చెబుతాయి కాబట్టి అంత బాగా నేర్పడం ఏ మనిషికీ సాధ్యం కాదనీ, పిల్లలు యాప్‌ను వదలకుండా ఆడుతున్నారంటే నేర్చుకుంటున్నట్టేననీ, రెండేళ్ళు నిండకముందే మొదలుపెడితే మాటలూ అక్షరాలూ తొందరగా వస్తాయనీ, యాప్ స్టోర్‌లో 'విద్య' విభాగంలో ఉన్నదేదైనా నిశ్చింతగా పిల్లల చేతికి ఇవ్వవచ్చనీ అందులో నాలుగు మాటలున్నాయి. దాన్ని పంపుతున్నవారు పిల్లల మేలు కోరేవారే. కానీ చిన్నపిల్లలకు చదువు చెప్పే పనిలో ఉన్నందువల్ల, ఈ మాటలు నమ్మి యాప్‌లు ఎంచుకుంటుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మొదటి మాట అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని కాస్త వివరంగా చూడాలి. యాప్ 'స్థాయిని గ్రహిస్తుంది' అన్నప్పుడు చాలావరకు జరిగేది ఒక లెక్క: ఎన్ని జవాబులు సరిపోయాయి, ఎన్ని తప్పాయి, ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది అన్నది చూసి తర్వాతి ప్రశ్నను కొంచెం కష్టంగానో తేలికగానో ఇవ్వడం. ఇది పనికిరాదని నేను అనను. అక్షరాలు గుర్తుపట్టడం లాంటి సాధనకు బాగానే ఉపయోగపడుతుంది. అయితే జవాబు తప్పిందన్న సంగతే దానికి తెలుస్తుంది గాని, ఎందుకు తప్పిందో తెలియదు. సరైన జవాబు ఎలా వచ్చిందో అసలే తెలియదు.

నాలుగేళ్ళ పాప ఒకతె నా పక్కన కూర్చుని లెక్కల ఆట ఆడింది. 'ఐదు పూలు బుట్టలో వెయ్యి' అని యాప్ చెబుతుంది. పాప ఒక్కొక్క పువ్వునే వేలితో లాగి బుట్టలో వేస్తుంది. ఐదోది పడగానే బుట్ట మెరుస్తుంది, గంట మోగుతుంది, ఆరో పువ్వు లాగినా కదలదు. పది ప్రశ్నలకూ పది సరైన జవాబులు వచ్చాయి, మూడు నక్షత్రాలు పడ్డాయి, తర్వాతి లెవెల్ తెరుచుకుంది. ఆ వెంటనే నేల మీద చెక్కబిళ్ళలు పోసి, ఐదు ఇమ్మని అడిగాను. ఒక్కొక్కటే నా చేతిలో పెడుతూ ఐదు దాటింది, ఏడు దాటింది, బిళ్ళ పెట్టిన ప్రతిసారీ తలెత్తి నా ముఖంలోకి చూసింది. బుట్ట మెరిసి చెప్పినట్టుగా, ఎక్కడ ఆగాలో నా ముఖం చెబుతుందని ఎదురుచూస్తోంది. ఒకటి నుంచి పది వరకు గడగడా చెప్పగలిగే పిల్లలకు కూడా, ఐదు అన్నది చివరి బిళ్ళ పేరు కాదు, మొత్తం గుంపు లెక్క అన్న ఎరుక రావడానికి నెలలు పడుతుంది. యాప్ లెక్కలో మాత్రం ఆ పాప ఆ పాఠం దాటేసింది.

అందుకే తల్లిదండ్రులు అడిగినప్పుడు నేను రెండు పనులు చెబుతాను. పిల్లలకు ఇచ్చే ముందు ఆ ఆటను మీరే ఒక పావుగంట, కావాలని తప్పులు చేస్తూ ఆడండి. తోచినచోటల్లా తాకుతూ పోయినా చివరికి 'శభాష్' అంటుంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఇక యాప్‌లో నేర్చుకున్నామన్నది తెర లేకుండా, చేతికందిన వస్తువులతో చేసి చూపగలుగుతున్నారో లేదో అప్పుడప్పుడు గమనించండి.

మాట్లాడే యాప్‌లతో మరో చిక్కు ఉంది. మాటలు గుర్తుపట్టే సాంకేతికత ఎక్కువగా పెద్దవాళ్ళ గొంతుల మీద తయారైనది. చిన్నపిల్లల గొంతు సన్నగా ఉంటుంది, నోరు ఇంకా తిరగదు, వాక్యం మధ్యలో ఆగిపోతారు. అందువల్ల పిల్లల మాటల దగ్గర అది పెద్దల మాటల దగ్గరకన్నా ఎక్కువ తప్పులు చేస్తుంది. పిల్ల సరిగ్గా పలికినా తప్పంటే ఆ పిల్ల నోరు మెదపడం మానేస్తుంది, ఏం పలికినా బాగుందంటే నేర్పేదేమీ ఉండదు. ఇక అడిగినదానికల్లా జవాబు చెప్పే చాట్‌బాట్‌లు తప్పును కూడా తడుముకోకుండా చెబుతాయి. ఇది నిజమేనా అని ఎదురు ప్రశ్న వేసే వయసు నాలుగేళ్ళ పిల్లలది కాదు. చాట్‌జీపీటీ తయారీదారులే 13 ఏళ్ళ లోపు వారికి అది ఉద్దేశించినది కాదని తమ నిబంధనల్లో రాసుకున్నారు.

ఇక్కడ సందేశం వైపు ఉన్న న్యాయాన్ని కూడా చెప్పాలి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు కథ చెబుతూ మధ్యమధ్యలో ప్రశ్నలడిగే ఏఐ సహచరుడి మీద పరిశోధకురాలు యింగ్ షు బృందం చేసిన పరిశోధనలో, ఊరికే కథ విన్నవారికన్నా అలా మాట్లాడుతూ విన్నవారికి కథ బాగా అర్థమైంది. కాకపోతే అది ఒక కథ కోసం, ఒక ప్రయోజనం కోసం జాగ్రత్తగా రూపొందించిన సంభాషణ. అది చూపి యాప్‌లన్నీ గురువులేనని చెప్పడం కుదరదు.

రెండో మాట, 'వదలడం లేదంటే నేర్చుకుంటున్నట్టే' అన్నది, నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. మంచి విద్యా యాప్‌కు ఉండవలసిన లక్షణాలను 2015లో మనస్తత్వ శాస్త్రవేత్త క్యాథీ హర్ష్-పాసెక్ తదితరులు నాలుగుగా చెప్పారు: పిల్లల బుర్ర పనిచేయాలి, చేసే పని మీద మనసు నిలవాలి, నేర్చేది వారి జీవితానికి సంబంధించినదై ఉండాలి, పక్క మనిషితో మాటామంతీకి చోటుండాలి. తెరకు అతుక్కుపోవడం ఇందులో ఏదీ కాదు. ఐదేళ్ళ లోపు పిల్లలు ఆడే 135 యాప్‌లను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలిస్తే 95 శాతం యాప్‌లలో ఏదో ఒక రూపంలో ప్రకటనలున్నాయి. కొనకపోతే ఏడుపు ముఖం పెట్టే బొమ్మలు, ఆట మధ్యలో తెరంతా ఆక్రమించే వీడియోలు, తాళం వేసి ఊరించే లెవెళ్ళు పిల్లలను తెర దగ్గరే ఆపి ఉంచుతాయి, నిజమే. ఆపి ఉంచడమే వాటి పని.

స్టిక్కర్లు, నాణేలు, నక్షత్రాలతో ఉత్సాహం వస్తుంది కదా అంటారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 1973లో వెలువడిన అధ్యయనంలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలను తీసుకుని, కొందరికి గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ళ తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని సమయంలో చూస్తే, ఆశ చూపి ఇచ్చిన పిల్లలు మిగతావారికన్నా సుమారు సగం సేపే గీశారు. నచ్చిన పనికి కూడా బహుమతి ముందే చూపిస్తే నచ్చడం తగ్గుతుందన్నమాట. ప్రతి తాకుకీ నాణెం రాల్చే యాప్‌ను ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మూడో మాటకు పెద్ద చర్చ అక్కరలేదు. పసిపిల్లల భాష మీద పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు 12 విడతలు మాండరిన్ చైనీస్ వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు, అలాంటి మాటలే వీడియోలో చూసిన వేరే పిల్లలు పట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దంది, ఏడాది వయసువారికీ సిఫార్సు చేయలేదు, 2 నుంచి 4 ఏళ్ళ వారికి రోజుకు గంట మించరాదంది. దూరాన ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌ను మాత్రం పసిపిల్లలకు తెర వద్దన్న సలహా నుంచి అమెరికా పిల్లల వైద్యుల సంఘం మినహాయించింది, ఎందుకంటే అక్కడ తెర అవతల ఉన్నది పిల్ల నవ్వుకు నవ్వే మనిషి.

నాలుగోది 'విద్య' అన్న ముద్ర గురించి. యాప్‌ను ఏ విభాగంలో పెట్టాలో తయారీదారే ఎంచుకుంటాడు. పైన చెప్పిన నాలుగు లక్షణాల మీదే 124 యాప్‌లను కొలిచి 2021లో ప్రచురించిన అధ్యయనంలో 58 శాతం తక్కువ నాణ్యతలోనే మిగిలాయి.

భద్రత విషయంలో ఆ ముద్రకు విలువ ఇంకా తక్కువ. పిల్లల ఎలక్ట్రానిక్ బొమ్మలు చేసే వీటెక్ సంస్థ నుంచి 2015లో 60 లక్షలకు పైగా పిల్లల వివరాలు దొంగల పాలయ్యాయి. మాట్లాడే బొమ్మ 'మై ఫ్రెండ్ కేలా'ను రహస్యంగా వినే పరికరమంటూ జర్మనీ 2017లో నిషేధించింది. అలెక్సాలో పిల్లల గొంతు రికార్డింగులను తల్లిదండ్రులు తీసేయమన్నా పూర్తిగా తీసేయలేదన్న అభియోగం మీద అమెజాన్ 2023లో 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కాబట్టి మైకు అడిగే ప్రతి పిల్లల యాప్ దగ్గరా ఈ సంగతులు ఇన్‌స్టాల్ చేయకముందే తెలుసుకోవాలి: గొంతు ఫోన్‌లోనే ఉంటుందా, సంస్థ సర్వర్‌కు వెళుతుందా, వెళితే ఎన్నాళ్ళు ఉంచుతారు, దానితో తమ ఏఐకి శిక్షణ ఇస్తారా, తీసేయమని అడగడానికి దారి ఎక్కడుంది. వీటన్నిటికీ గోప్యతా విధానంలో సూటిగా జవాబు కనిపించని యాప్‌కు నేనైతే మైకు అనుమతి ఇవ్వను, మైకు లేకుండా నడవనంటే ఆ యాప్‌నే తీసేస్తాను.