రాత్రి బండికి కాగితం మీద టైము ఎప్పుడు రాస్తారు?

తిరుపతిలో రాత్రి పదకొండు దాటాక ఎవరికైనా ఆకలేస్తే తోపుడు బండే దిక్కు. రైలు ఆలస్యమై అప్పుడే స్టేషన్ బయటికి వచ్చినవాళ్లు, బెంగళూరు, చెన్నై బస్సులు దిగినవాళ్లు, శ్రీనివాసం, విష్ణునివాసం వసతి సముదాయాల దగ్గర దర్శనం టోకెన్ కోసం పిల్లాజెల్లాతో కూర్చున్నవాళ్లు, రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్ ఆస్పత్రిలోనో అయినవాళ్లను చేర్పించి బయట దుప్పటి పరుచుకున్నవాళ్లు... వీళ్లందరికీ వేడిగా నాలుగు ఇడ్లీలు పెట్టేది ఆ బండే. చాలా హోటళ్లు ఆ వేళకు షట్టర్లు దించేసి ఉంటాయి.

ఆ బండి దగ్గర కాసేపు నిలబడితే ఎవరైనా చూడొచ్చు. దూరం నుంచి పోలీసు జీపు లైట్లు కనబడగానే పొయ్యి ఆరిపోతుంది. భర్త బండిని సందులోకి తోస్తుంటే భార్య చట్నీ గిన్నె ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. తింటున్నవాళ్లు ప్లేటు చేత్తో పట్టుకుని వెనకే నడుస్తారు. జీపు వెళ్లాక మళ్లీ పొయ్యి వెలుగుతుంది. అప్పటికే ఉడుకుతున్న ఇడ్లీ పాడై, దాని డబ్బులు పోయి ఉంటాయి. ఆ బండి అక్కడ ఉండొచ్చా, ఎంతవరకు ఉండొచ్చు అనేది ఏ కాగితం మీదా రాసి ఉండదు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, వాళ్ల మూడ్ ఎలా ఉంది అనే దాన్ని బట్టే అంతా జరుగుతుంది. నా అభ్యంతరం అక్కడే.

చట్టం లేక కాదు. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2014లో చేసింది. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందే, 1989లో, సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రోడ్డు పక్కన అమ్ముకోవడం కూడా వృత్తి స్వేచ్ఛలో భాగమేననీ, దానికి సహేతుకమైన కట్టుబాట్లు పెట్టొచ్చనీ తేల్చింది. 2014 చట్టం ఆ కట్టుబాట్లు ఎవరు పెట్టాలో చెప్పింది. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షతన టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. పోలీసులకూ, కాలనీ సంఘాలకూ అందులోనే చోటుంది. అయిదేళ్లకోసారి సర్వే చేసి సర్టిఫికెట్లివ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు చేతికొచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు.

ఈ చట్టం తిరుపతిలాంటి ఊరికి ఓ చిక్కు కూడా తెచ్చింది. ఊరి జనాభాలో రెండున్నర శాతం మందికి మించకుండా వ్యాపారులకు చోటు చూపించాలన్నది లెక్క. 2011 జనగణన ప్రకారం తిరుపతి జనాభా దాదాపు 2.87 లక్షలు. అంటే ఏడు వేల చిల్లర మంది. కానీ ఈ ఊళ్లో తినేది, కొనేది ఇక్కడ ఓటున్నవాళ్లు మాత్రమేనా? మామూలు రోజుల్లోనే అరవై, డెబ్బై వేల మంది కొండ మీద దర్శనం చేసుకుంటారు. వాళ్లలో చాలామంది ఈ వీధుల మీదుగానే వెళ్తారు, రాత్రుళ్లు ఇక్కడే గడుపుతారు. జనగణనలో వాళ్లు లేరు, ఆకలి మాత్రం ఇక్కడే వేస్తుంది. పుణ్యక్షేత్రాలకు ఈ లెక్క వేరుగా ఉండాలని మన ప్రజాప్రతినిధులు ఢిల్లీలో గట్టిగా అడగాల్సిన సంగతి ఇది.

అది తేలేలోపు ఇక్కడే చేయగలిగింది చాలా ఉంది. అసలు లోపం కార్డులోనే ఉంది. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వాళ్లు సర్వే చేసి ఇచ్చే గుర్తింపు కార్డు మీద పేరు, ఫోటో ఉంటాయి. వ్యాపారికి కావాల్సినవి ఇంకో రెండు: ఏ చోటు, ఏ టైము. ఆ రెండూ లేని కార్డు చూపిస్తే పోలీసాయన "అయితే ఏంటి?" అంటాడు. ఆయన అడగడంలో తప్పులేదు కూడా. ఫలానా ఫుట్‌పాత్ మీద, సాయంత్రం ఏడు నుంచి రాత్రి రెండు దాకా అని రాసుంటే ఆ ప్రశ్నే రాదు.

ఇందులో నన్ను బాగా బాధపెట్టేది ఒకటుంది. 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు అప్పులిచ్చే పీఎం స్వనిధి పథకాన్ని కేంద్రం తెచ్చింది. మొదట పది వేలు, కట్టేస్తే ఇరవై వేలు, తర్వాత యాభై వేలు. ఇప్పుడు మొదటి విడతను పదిహేను వేలకు పెంచారు. ఆ అప్పు ఇచ్చేది నువ్వు వీధి వ్యాపారివి అనే నమ్మకం మీదే. వాయిదా కట్టాల్సింది ఆ బండి మీద వచ్చిన డబ్బుతోనే. బ్యాంకు దగ్గర ఒప్పుకున్న బండి రోడ్డు మీదికొచ్చేసరికి ఆక్రమణ అయిపోతోంది. ఆశీలు, అంటే రోజువారీ చోటు రుసుము, కట్టే చోట్ల సంగతి ఇంకా అన్యాయం. పొద్దున కాంట్రాక్టరు మనిషి వచ్చి రసీదు చించి డబ్బు తీసుకుంటాడు, సాయంత్రం లారీ వచ్చి బండి ఎత్తుకుపోతుంది. డబ్బు తీసుకున్నాక ఆ మనిషి అక్కడ ఉండటానికి ఒప్పుకున్నట్టే కదా.

ఎత్తుకుపోయేటప్పుడు కూడా పద్ధతి ఉంది. వేరే చోటికి పంపాలన్నా, ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సరుకు పట్టుకుంటే ఏమేం తీసుకున్నారో పట్టీ రాసి సంతకంతో వ్యాపారి చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. జామకాయల తట్ట పట్టుకుపోయి నాలుగో రోజు ఇస్తే ఆ తట్ట వల్ల ఉపయోగమేంటి? తక్కెడ, గ్యాస్ సిలిండరు, గొడుగు పోతే మళ్లీ కొనడానికి దినవడ్డీ తప్ప మార్గం ఉండదు. పట్టీ ఇచ్చారా లేదా అన్నది చిన్న విషయంగా కనబడొచ్చు కానీ, వస్తువు పోయినవాడు ఎక్కడైనా అడగాలంటే చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

ఇక రాత్రి సంగతి. మన దగ్గర రాత్రి అనగానే తిండినీ, మోతనీ ఒకే గాటన కట్టేస్తారు. పదైతే అన్నీ మూసేయమంటారు. నిజానికి ఆ పది గంటల నిబంధన వచ్చింది శబ్దం గురించి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకులు పెట్టకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. రుయా గేటు ముందు డీజే పెట్టకూడదంటే నేను రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటా. అదే గేటు ముందు ఒంటిగంటకు పాలు కాచి ఇచ్చే బండి ఎవరి నిద్ర చెడగొడుతుంది? రాయలసీమ నలుమూలల నుంచి వచ్చి రోగి పక్కన జాగారం చేసేవాళ్లకు ఆ గ్లాసు పాలు కూడా దొరక్కుండా చేయడం శాంతిభద్రతల కిందికి ఎలా వస్తుందో నాకర్థం కాదు.

వినోదం విషయంలోనూ ఇలాంటి తికమకే. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలం భారతం జరుగుతుంది. చాలా చోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, కీచక వధ, పద్మవ్యూహం ఒక్కో రాత్రి ఒక్కోటి. అర్జున తపస్సు నాడు వేషగాడు పద్యాలు పాడుకుంటూ నిలువెత్తు మాను ఎక్కుతుంటే, పిల్లల్లేని ఆడవాళ్లు తడి బట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు. ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి మీద భీముడు గద ఎత్తితే ఊరంతా అక్కడే. సాయంత్రం అగ్నిగుండం. ఆ నాటకం మొదలయ్యేదే రాత్రి పది ప్రాంతంలో, ముగిసేది తెల్లారికి. మరి నిబంధనల్లో మినహాయింపు ఎంత? పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా, అదీ రాత్రి 12 దాకా మాత్రమే సడలింపు ఇవ్వొచ్చు. కాగితం ప్రకారం చూస్తే, మైకు పెట్టిన ప్రతి భారతమూ పన్నెండు తర్వాత నేరమే.

అలాగని ఎవరూ భారతం ఆపరు. ఆపకూడదు కూడా. కానీ చూసీ చూడనట్టు వదిలేయడం వల్ల వచ్చే చెడు ఏంటంటే, అదే చూపు రికార్డింగ్ డ్యాన్సుకీ, పలుకుబడి ఉన్నవాళ్ల ఇంటి ఊరేగింపు డీజేకీ దొరుకుతుంది. కళాకారుల మండలి స్టేషన్ చుట్టూ అర్జీ పట్టుకుని తిరగాలి, ఫోన్ చేయించగలిగినవాడు తిరగక్కర్లేదు. నాటకానికి మైకు కావాలి సరే, ఊరంతా వినబడే నాలుగు హారన్లు కావాలా? కూర్చున్నవాళ్లకు వినబడేలా బాక్సులు కిందికి పెట్టి, ఇంత శబ్దం, ఇన్ని రాత్రులు, ఈ చోటు అని ముందే రాసిస్తే నాటకమూ బతుకుతుంది, పక్కింటి ముసలాయన నిద్రా బతుకుతుంది. అందుకు నిబంధనల్లో వీధినాటకం లాంటి కళలకు విడిగా ఓ దారి పెట్టాలి. అది రాష్ట్రం, కేంద్రం కలిసి చేయాల్సిన పని.

పర్మిషన్ ఇచ్చేవాళ్లు మరిచిపోయేది ఇంకోటుంది. జనం చేరే చోటికి బండ్లు వస్తాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు బొరుగులు, బొమ్మలు, గాజులు, ఐస్‌క్రీం బండ్లు లేకుండా జరిగిన ఏడాది ఉందా? జాతరకు పోలీసు బందోబస్తు ప్లాన్ వేస్తారు, ట్రాఫిక్ మళ్లింపు మ్యాపు వేస్తారు. ఆ మ్యాపులో బండ్లకు గీత ఉండదు. అందుకే అవి ఇరుకు సందు మొగలో, సరిగ్గా జనం తోసుకునే చోట నిలబడతాయి. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో దర్శనం టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. దానికి బండ్లు కారణం కాదు. కానీ ఈ ఊళ్లో జనాన్ని నిలబెట్టే చోటూ, వాళ్లు బయటపడే దారీ ముందే గీసుకోకపోతే ఏమవుతుందో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. బండ్లకు ముందే నెంబర్లేసి చోటు చూపిస్తే అంబులెన్సు దారి ఖాళీగా ఉంటుంది.

కాలనీవాళ్ల గోడు అబద్ధం కాదు. మిగిలిన నూనె, ఎంగిలి ప్లేట్లు కాలవలో పోస్తే పొద్దున ఆ వాసన భరించేది వాళ్లే. ఇంటి గేటుకు అడ్డంగా బండి పెట్టి "ఇప్పుడే తీసేస్తాలే సార్" అంటే రోజూ ఎవరు పడతారు? ఫుట్‌పాత్ మొత్తం ఆక్రమిస్తే నడిచేవాడు బస్సు కింద పడతాడు. చోటు, టైముతో పాటు చెత్తబుట్ట, నీళ్లు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా షరతుల్లో ఉండాలి. చిన్న తిండి బండ్లకు ఆ రిజిస్ట్రేషన్ ఫీజుగా 2011 నిబంధనల్లో పెట్టింది ఏడాదికి వంద రూపాయలే. ఒకరి పేరు మీద కార్డు తీసుకుని ఇంకొకరికి అద్దెకిచ్చేవాళ్ల కార్డు రద్దు చేయాల్సిందే. సొంతంగానో, ఇంటివాళ్లతోనో నడుపుకోవాలనే చట్టం చెబుతోంది. అలా రద్దయిన చోటు వరసలో ఉన్న ఒంటరి ఆడమనిషికి వస్తుంది.

చట్టంలోనే టైము పంచుకుని వ్యాపారం చేసుకునే పద్ధతి గురించి ఉంది. దాన్ని మన ఊళ్లో వాడుకోవడమే తక్కువ. గోవిందరాజస్వామి గుడి చుట్టూ పగలు పూలు, పటాలు అమ్మే చోట్ల, గాంధీ రోడ్డులో షట్టర్లు పడ్డ అంగళ్ల ముందు, రాత్రి పది నుంచి రెండు దాకా తిండి బండ్లు నిలబడితే ఎవరి బేరం పోతుంది? బస్టాండు, రైల్వే స్టేషన్, రుయా, ఈ మూడు చోట్ల రాత్రి జోన్లు పెడితే సగం గొడవ తీరుతుంది. చిత్తూరులో బస్టాండు దగ్గరా ఇదే చేయొచ్చు. వెండింగ్ కమిటీ సమావేశంలో పోలీసు ప్రతినిధి ఎలాగూ ఉంటారు కాబట్టి, అక్కడ ఆయన ఒప్పుకుని సంతకం పెట్టిన టైమును రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ మార్చడానికి వీలుండదు. ఆ సమావేశం మినిట్స్ తెలుగులో కార్పొరేషన్ నోటీసు బోర్డు మీద అంటించాలి. కమిటీలో తమ తరఫున ఎవరున్నారో ఇడ్లీ బండి ఆమెకు తెలియాలి, ఆ మనిషి ఫోన్ నెంబరు ఆమె దగ్గరుండాలి. గంగమ్మ జాతరకు బండ్ల చోట్లు కూడా ఆ కమిటీలోనే తేల్చొచ్చు. చాటింపుకు నెల ముందు సమావేశం పెడితే సరిపోతుంది.