పగుళ్లున్న ఇల్లే కొనండి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇల్లు కొనబోయే పెద్దమనుషులకు ఒక విన్నపం. గోడకు పగులు కనబడిందని బయానా ఆపకండి. పగులును పరీక్షించే పద్ధతి మన దగ్గర ఎప్పుడో ఖాయమైపోయింది. ముందు బ్రోకర్ చూస్తాడు. "గది ప్లాస్టరింగ్‌ది సార్, ఎండకు అట్లనే అయితది" అంటాడు. తర్వాత బావమరిది వేళ్లతో గోడను రెండు దెబ్బలు కొట్టి "స్ట్రాంగే ఉంది బావా" అంటాడు. చివరికి వాస్తు పంతులు వస్తాడు. ఇంజనీరును మాత్రం పిలవరు. పిలిస్తే ఓనర్ నొచ్చుకుంటాడు, పైగా ఆ ఇంజనీరు ఫీజు అడుగుతాడు. 60 లక్షల ఇంటికి 7.5 శాతం లెక్కన నాలుగున్నర లక్షల రిజిస్ట్రేషన్ చలానా కిక్కురుమనకుండా కట్టే మనిషికి ఆ కొన్ని వేలు దుబారాగా తోచడం సహజమే కదా!

ఇచ్చినా ఆయన చెప్పేది వినసొంపుగా ఉండదు. వెంట్రుకవాసి గీతలైతే పూతవేనని వదిలేస్తాడు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు, ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగులు కనబడితే మాత్రం పునాది ఒకవైపు కుంగుతోందేమోనంటాడు. కింద నల్లరేగడి ఉందా, పూడ్చిన కుంట ఉందా అని ఆరా తీస్తాడు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుని నెర్రెలు తీస్తుంది, పైనున్న ఇంటిని తనతో పాటు ఆడిస్తుంది. స్లాబ్ పెచ్చులూడితే లోపలి రాడ్లు తుప్పుపట్టి ఉబ్బాయంటాడు. పగులు మీద గాజు ముక్క అతికించి ఒక వానాకాలం ఆగుదాం, అది విరిగితే గోడ కదులుతున్నట్టే అంటాడు. వానాకాలం దాకా ఆగాలట! ఈలోపు ముహూర్తాలు అయిపోతే ఎవరిది పూచీ?

దేశమంతా తిరిగి డ్యాములు కట్టొచ్చిన పాలమూరు మేస్త్రీలు ఏ గల్లీలో చూసినా అరుగు మీద కూర్చునే ఉంటారు. ఫీజు కూడా అడగరు. కానీ వాళ్లను పిలవడం క్షేమం కాదు, నిజం చెప్పేస్తారు.

ఇల్లంతా పాత సున్నమే ఉండి ఒక్క గదికే కొత్త పుట్టీ, కొత్త కలర్ కనబడితే ఓనర్‌కు ఆ గదంటే ప్రేమ అనుకోవాలి. వంటగది ఆగ్నేయంలో లేదని బేరమాడి రెండు లక్షలు తగ్గించుకోండి, తప్పులేదు. బీమ్ పగిలిందని తగ్గించమంటే మాత్రం బాగుండదు.

ఇక తుది తీర్పు పంతులుది. కుంగింది ఏ మూల అని అడుగుతాడు. ఈశాన్యం అనగానే ఆయన ముఖం విప్పారుతుంది. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలన్నది శాస్త్రం. ఎంతోమంది డబ్బు పోసి నేల చెక్కించి ఆ పల్లం తెచ్చుకుంటారు. ఈ ఇల్లు పైసా ఖర్చు లేకుండా, ఏటేటా తనంతట తానే శాస్త్రానికి దగ్గరవుతోంది. ఆ మాట చెవిన పడగానే ఓనర్ ఇంకో లక్ష పెంచుతాడు.