అదనపు బాధ్యతల్లో ‘లైన్’ గారు

ఒక అధికారి రిటైరైతే ఆ కుర్చీని పక్క శాఖ అధికారికి ‘అదనపు బాధ్యతలు’ కింద కట్టబెట్టడం మన సర్కారీ సంప్రదాయం. హైదరాబాదు జనం ఈ సంప్రదాయాన్ని మాటలకూ వర్తింపజేశారు. గీత, వరుస, తీగ, గొట్టం, దారం, బారు, దారి అనే ఏడుగురు ఉద్యోగుల్ని ఇంటికి పంపి, వాళ్ల పనంతా ‘లైన్’ అనే ఒక్క ఇంగ్లిషు మాట నెత్తిన పెట్టారు. జీతం పెంచలేదు సరికదా, సెలవు కూడా ఇవ్వలేదు.

ఇంగ్లిషులో బాగా చాకిరీ చేసే మాట ఏదని చూస్తే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 కూర్పులో ‘సెట్’ ముందుంది. తరవాత ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. లెక్క కట్టినవాళ్లు అమీర్‌పేట రాలేదు. వచ్చి ఉంటే, మెట్రో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కడానికి లైన్లో నిలబడి, ఫోన్ లైన్లో ఉన్నవాడితో ‘లైన్ కట్టవుతోందన్నా’ అని మొత్తుకునే మనిషిని చూసి పెన్ను కింద పెట్టేసేవారు.

ముందు జాతకం చూద్దాం. ఈ మాటకు మూలం లాటిన్ ‘లీనుమ్’, అంటే అవిసె. మనం ఆకు వండుకునే అవిసె చెట్టు కాదు. కొలెస్ట్రాల్ రిపోర్టు చేతికొచ్చిన మర్నాటి నుంచి పొడి కొట్టి మజ్జిగలో కలుపుకుంటామే, ఆ అవిసె గింజల మొక్క. దాని నారతో పేనిన దారం ‘లీనియా’. దారం లాగిపట్టి గీత కొట్టేవారు కనుక గీతకూ ఆ పేరే వచ్చింది. లినెన్ చొక్కా, నేలమీద పరిచే లినోలియం, కోటు లోపలి లైనింగ్ అన్నీ ఆ మొక్క సంతానమే. ఒకప్పుడు కోటు లోపల కుట్టింది లినెన్ బట్టే. ఇప్పుడు పాలిస్టర్ కుడుతున్నారు, పేరు మాత్రం మార్చలేదు. దర్జీ సామాన్ల కొట్లో మళ్లీ లైన్ అంటే కొలత, అంగుళంలో నలభయ్యో వంతు. చొక్కాకి 18 లైన్ గుండీ, అంటే సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. 

పుట్టుకను మరవకుండా ఈ మాటను వాడుతున్నది నగరంలో మేస్త్రి ఒక్కడే. గోడ రెండు కొసల్లో ఇటుకలు పేర్చి, మధ్యలో దారం బిగించి ‘లైన్ చూస్కో’ అంటాడు. ఇటుక దారాన్ని తాకకూడదు, సన్నని సందు ఉండాలి. తాకిందంటే దారం బయటికి జరుగుతుంది, ఆపైన పెట్టే ప్రతి ఇటుకా దాని మాటే వింటుంది, గోడ పొట్ట వేస్తుంది.

ఇంతవరకూ ప్రాణభయం లేదు. అది ‘లైన్ క్లియర్’ దగ్గర మొదలవుతుంది. రైల్వేలో లైన్ క్లియర్ ఇచ్చారంటే అవతలి స్టేషన్ మాస్టరు ‘బండి పంపించు’ అన్నట్టు. ఊరికే అనడు. ముందు వెళ్లిన బండి చివరి పెట్టెతో సహా వచ్చేసి ఉండాలి, దాని వెనక సిగ్నళ్లు మళ్లీ ఎర్రకి తిరిగి ఉండాలి, తన స్టేషన్ మొదటి స్టాప్ సిగ్నల్ దాటాక కూడా పట్టా ఖాళీగా ఉండాలి. పాత రెక్క సిగ్నళ్ల చోట ఆ ఖాళీ 400 మీటర్లు, కొత్త పద్ధతి సిగ్నళ్ల చోట 180 మీటర్లు.

కరెంటు శాఖలోనూ లైన్ క్లియర్ ఉంది. వాళ్లు ముద్దుగా ఎల్‌సీ అంటారు. అర్థం మాత్రం సరిగ్గా తలకిందులు: ఎల్‌సీ ఇచ్చారంటే ఆ తీగలోకి ఏదీ రాదని హామీ. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫలానా 11 కేవీ ఫీడర్‌కి, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే 11 వేల వోల్టుల తీగకి, ఎల్‌సీ కావాలంటాడు. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, పుస్తకంలో రాసుకుని ఇస్తాడు. అయినా ఆ మాట నమ్మి స్తంభం ఎక్కకూడదు. తీగల్ని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, దాని మూడు బ్లేడ్లూ నిజంగా విడిపోయాయో లేదో కంటితో చూసి, పనిచేసే చోటుకి రెండువైపులా కరెంటును నేలకి దింపే ఎర్త్ రాడ్లు తగిలించాకే ఎక్కాలి. ఎందుకంటే ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు పోతుంటే ఒకదానికి ఎల్‌సీ తీసుకుని రెండోదాని మీద చెయ్యి వేసే ప్రమాదం ఉంది. ఇంకో గండం మన ఇళ్లలోనే ఉంది. ఇంటిని బయటి తీగ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ తగిలించుకున్న పెద్దమనిషి తన కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి తోస్తాడు. అక్కడ 415 వోల్టులు 11 వేలవుతాయి. ఎర్త్ రాడ్ లేకపోతే ఆ పెద్దమనిషి ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంది, స్తంభం మీద మనిషి పోతాడు.

అంటే ఒకే ఊళ్లో ఒకే మాటకి ఒక శాఖలో ‘రానివ్వు’ అనీ, ఇంకో శాఖలో ‘రానివ్వకు’ అనీ అర్థం. రెండిట్లోనూ తప్పు చదివితే శవమే. ఈ రెండు శాఖలకూ సంబంధం లేని మూడో లైన్ క్లియర్ ఇరానీ హోటల్ బల్లల దగ్గర వినిపిస్తుంది. పిల్ల వాళ్ల అన్న దుబాయ్ పోయాడని దాని అర్థం. లైన్ వేసే కుర్రాళ్లకి ఎర్త్ రాడ్ గురించి ఎవరూ చెప్పరు.

జలమండలి లైన్‌మన్ ఇంకొకడు. ఈయన స్తంభం ఎక్కడు, వాల్వు తిప్పుతాడు. ఈయన లైన్ నల్లా లైన్, దాని పక్కనే డ్రైనేజీ లైన్. మంచినీళ్ల గొట్టం పైన, మురుగుది కింద, మధ్యలో ఎడం ఉండాలి. తవ్విన కందకం ఒకటే, కాంట్రాక్టరు కూడా ఒకడే కాబట్టి రెండూ అన్నదమ్ముల్లా పక్కపక్కన పడుకుంటాయి. నీళ్లు వదిలినంతసేపూ పరవాలేదు, ఒత్తిడితో మంచినీళ్లే పగుళ్లలోంచి బయటికి పోతాయి. వాల్వు కట్టేశాక గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, అవే పగుళ్లు చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాక్కుంటాయి. నల్లాకి నేరుగా మోటారు తగిలించే ఇల్లు ఆ లాగుడికి చెయ్యి సాయం పడుతుంది. మొదటి బిందె నీళ్లు పారబోయమని పెద్దలు చెప్పేది ఇందుకే. పారబోస్తే నీళ్లు వృథా చేశారని ఓ నోటీసు వస్తుంది, అది వేరే సంగతి.

ఫిల్మ్‌నగర్ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. అక్కడ లైన్ అంటే కథ, వన్‌లైన్ ఆర్డర్ అంటే షూటింగ్ షెడ్యూలు, లైన్ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టని ప్రొడ్యూసర్. బడ్జెట్ కాగితంలో ఒక గీత ఉంటుంది, హీరో, దర్శకుడు, రచయిత గీతకి పైన. లైటు మోసేవాళ్లు, అన్నం వండేవాళ్లు కింద. కిందవాళ్ల లెక్కలు ఈయనవి.

రోడ్డు మీది తెల్ల లైన్ల గురించి రాయడం పురాతత్వ శాఖ పరిధిలోకి వస్తుందేమో. థర్మోప్లాస్టిక్ పొడిని రెండు వందల డిగ్రీల దగ్గరికి కాచి, రెండున్నర మిల్లీమీటర్ల మందాన పరిచి, వేడి ఆరకముందే గాజు పూసలు చల్లాలి. రాత్రి హెడ్‌లైటుకి మెరిసేది ఆ పూసలే. దుమ్ము ఊడవకుండా, తడి ఆరకుండా పరిస్తే పొరలుగా లేచిపోతుంది. అన్నీ సవ్యంగా చేస్తే వారంలో కేబుల్ లైన్ వాళ్లొచ్చి తవ్వుతారు. మిగిలిన స్టాప్ లైన్ మీద ఆటో ముందు చక్రం ఉంటుంది, గీత ఎక్కడుందో దాని నీడలో వెతుక్కోవాలి.

డెడ్‌లైన్ అనే మాటకి 1864 నాటి అమెరికా అంతర్యుద్ధం సాక్షి. ఆండర్సన్‌విల్ జైల్లో కంచెకి లోపలగా ఒక హద్దు పెట్టారు. అది దాటిన ఖైదీని కాపలావాడు కాల్చేసేవాడు. ఆ మాట సముద్రం దాటి మన ఫ్లైఓవర్ పనుల దగ్గరికి చేరాక అహింసావాది అయింది. ఇప్పుడు డెడ్‌లైన్ దాటిన కాంట్రాక్టరుకి పొడిగింపూ, సవరించిన అంచనాలూ దక్కుతాయి.

ఇన్ని పనుల్లో ‘లైన్’ గారు మన దగ్గర ఓడిపోయింది ఒక్క చోటే, మనుషుల్ని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టడంలో. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం జనాన్ని నిలబెట్టడానికి కర్రలు కట్టి, పోలీసుల్ని పెట్టాలి. అదే యూరియా కోసం రైతు తన చెప్పులు వరుసలో వదిలి చెట్టు కిందికి పోతే ఆ చెప్పులు గంటలకొద్దీ కదలవు, ముందున్న జతని తొయ్యవు, ‘జర జరుగన్నా, ఒక్కటే డౌటు’ అంటూ పక్కనుంచి దూరవు. ట్రాఫిక్ శాఖ వాటిని శిక్షణకి పిలిపించుకోవచ్చు.