‘ఇన్ నో టైమ్’లో ఖాళీ అయిన ట్యాంకు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు ఆరో ఫేజులో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. పైన 10,000 లీటర్ల ట్యాంకు, కింద సంపు, మధ్యలో లిఫ్టు, లిఫ్టు పక్కన నోటీసు బోర్డు. ఎండాకాలం వస్తే వీటిలో నిండుగా కనిపించేది నోటీసు బోర్డు ఒక్కటే.

సెక్రటరీగారు రిటైరయ్యేదాకా ఆఫీసులో డ్రాఫ్టులు రాసిన మనిషి. వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోరు. ఏ4 కాగితం మీద, ఇంగ్లీషులో, సంతకం చేసి అంటిస్తారు. ఆ ఇంగ్లీషు వల్ల మొన్నమొన్నటి దాకా ఎవరికీ ఏ హానీ జరగలేదు. అశోక్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న మేనల్లుడు నాలుగు రోజులుందామని వచ్చాకే కథ మారింది.

బోర్డు మీద ‘నెవర్ యు షుడ్ పార్క్ బైక్స్ నియర్ ద మోటర్ రూమ్’ అని ఉంది. కుర్రాడు ఎర్ర పెన్ను తీసి, ‘యు’కీ ‘షుడ్’కీ మధ్య అటొక బాణం ఇటొక బాణం గీశాడు.

“మావయ్యా, ఇన్‌వర్షన్ పోయింది. పరీక్షలో అయితే మార్కూ పోతుంది, పైన పావు మార్కు కోత.”

వాడు చెప్పింది నిజమే. నెవర్, రేర్లీ, సెల్డమ్, హార్డ్లీ లాంటి ‘లేదు’ వాసన ఉన్న మాట వాక్యం మొదట్లో కూర్చుంటే, హెల్పింగ్ వెర్బు సబ్జెక్టును దాటి ముందుకు రావాలి. ‘నెవర్ షుడ్ యు పార్క్’ అన్నమాట. హెల్పింగ్ వెర్బు లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని అద్దెకు తేవాలి. అది వచ్చాక మెయిన్ వెర్బు బుద్ధిగా వి-వన్‌కి, అంటే మొదటి రూపానికి, దిగిపోవాలి. ‘రేర్లీ ద వాచ్‌మన్ స్లెప్ట్’ తప్పు. ‘రేర్లీ డిడ్ ద వాచ్‌మన్ స్లీప్’ ఒప్పు. ‘డిడ్ స్లెప్ట్’ అన్నారంటే ఒకే నెల మెయింటెనెన్సు రెండుసార్లు కట్టినట్టు.

మనకిది ఎందుకు పట్టుబడదంటే, తెలుగులో కాదు లేదు అనే పెత్తనమంతా క్రియదే. ‘ఎప్పుడూ వస్తాడు’, ‘ఎప్పుడూ రాడు’ – రెండింట్లోనూ ‘ఎప్పుడూ’ ఏమీ ఎరగనట్టే ముందు కూర్చుని ఉంటుంది. వచ్చేదీ రానిదీ చివరిదాకా వింటేగానీ తేలదు. ఆ అలవాటుతోనే ‘నెవర్ ఐ డిడ్ నాట్ సీ’ అని రెండు లేదులు పెట్టేస్తాం. ఇంగ్లీషు నెవర్ మొదటి మాటకే తలుపు గడియ పెట్టేసే రకం. ఈ తిరగేయడమూ కొత్త ఫ్యాషనేం కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో వాక్యం దేనితో మొదలుపెట్టినా చాలాసార్లు క్రియ రెండో కుర్చీలోకి వచ్చి కూర్చునేది. జర్మన్‌లో ఇప్పటికీ అంతే. ఇంగ్లీషు ఆ ఇల్లు ఖాళీ చేస్తూ ఇలాంటి నాలుగు సామాన్లు మాత్రం వెంట తెచ్చుకుంది.

ఇంకో చిక్కు. మనం ప్రశ్న అడగాలంటే చివర దీర్ఘం తీస్తే చాలు: వచ్చాడా? ఇంగ్లీషువాళ్లు మాటల్నే తారుమారు చేయాలి. కాబట్టి దిద్దిన నోటీసు చదివినవాళ్లకి అది ప్రశ్నలా కనిపించింది. సాయంత్రానికి దాని కింద ‘నో సర్’ అని ఎవరో రాశారు. 302 వాళ్లు పెన్సిల్‌తో ‘ఎస్ సర్, ఓన్లీ ఒన్స్’ అని ఒప్పుకున్నారు కూడా.

సెక్రటరీగారికి రుచి తగిలింది. మర్నాడు జనరల్ బాడీ నోటీసులో ‘ఓన్లీ ఓనర్స్ క్యాన్ వోట్’ అని రాయాల్సి వచ్చింది. ఇక్కడ ‘ఓన్లీ ఓనర్స్’ అనేదే సబ్జెక్టు, దాన్ని కదపకూడదు. ‘ఓన్లీ ఆన్ సండే’ లాంటిది ముందుకొస్తేనే తిప్పుడు. ఆయనకి ఓన్లీ కనిపించడమే తరువాయి, తిప్పేశారు: ‘ఓన్లీ క్యాన్ ఓనర్స్ వోట్.’ ఇంట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉన్నవాళ్లకే ఓటు హక్కేమిటని బోర్‌వెల్ నీళ్లు తాగే పక్షం గొడవకు దిగింది.

అసలు ప్రమాదం శనివారం ఉదయం 7 గంటలకి. సంపు అడుగంటింది, పైన సగం ట్యాంకు ఉంది. ట్యాంకర్ డ్రైవరు ఫోన్ చేసి మియాపూర్ దాటానన్నాడు. ఈ శుభవార్త బోర్డెక్కించాలి. ‘ఇన్ నో టైమ్ ద ట్యాంకర్ విల్ కమ్’ – ఇదిగో వచ్చేస్తోంది అని అర్థం. రాసింది రాసినట్టు అంటించి ఉంటే ఈ గొడవే లేదు. కానీ అందులో ‘నో’ ఉంది. మేనల్లుడు నిద్రలో ఉన్నాడు. సెక్రటరీగారు సొంతంగా తిప్పారు: ‘ఇన్ నో టైమ్ విల్ ద ట్యాంకర్ కమ్.’

తిరిగింది ఒక్క మాటే. ‘ఇన్ నో టైమ్’ అంటే చిటికెలో. ఆ నో ‘టైమ్’ గుమ్మం దాటి బయటికి రాదు, అందుకే దాని వెనక తిప్పకూడదు. ‘విల్’ని లాక్కొచ్చి ముందు నిలబెడితే ఆ నో గుమ్మం దాటి వాక్యమంతా పాకుతుంది. అప్పుడది ‘ఎట్ నో టైమ్ విల్ ద ట్యాంకర్ కమ్’కి కవలపిల్ల: ట్యాంకర్ ఏ వేళకీ రాదు. ఈ తిప్పుడు సోకు కోసం కాదు. ‘లేదు’ ఎంత దూరం పారాలో చెప్పే వాల్వు.

గ్రామరు రానివాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ‘కమ్’ చూశారు, సరే వస్తుందనుకున్నారు. హైదరాబాదు మరి 1958లోనే ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకి ఇంగ్లీషు చెప్పడానికంటూ ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టుకున్న ఊరు. తార్నాక దగ్గర అదే ఇప్పుడు ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయం. అలాంటి ఊళ్లో బిల్డింగుకో ఇంగ్లీషు టీచరమ్మ ఉండదా? రెండో అంతస్తు టీచరమ్మ ఉన్నది ఉన్నట్టు, గ్రామరు ప్రకారం చదివింది. చదివి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్లి డ్రమ్ము కింద కుళాయి తిప్పింది.

తర్వాత వార్త దాని దారిన అది పోయింది. “ట్యాంకర్ రాదంట, ఇంగ్లీష్‌ల ఏదో ఇన్‌వర్షన్ అయిందని టీచరమ్మ చదివి చెప్పింది” అన్నాడు వాచ్‌మన్. నాలుగో అంతస్తుకి చేరేసరికి ‘ఇన్వర్టర్ ఏదో తిరగబడ్డదంట, అందుకే ట్యాంకర్ బంద్’ అయింది. 19 ఇళ్లు, ఇంటికో 200 లీటర్ల డ్రమ్ము, మూడేసి బకెట్లు. లెక్క దాదాపు 5,000 లీటర్లు. సగం ట్యాంకు సరిగ్గా అంతే.

7.25కి పైన చుక్క లేదు. వాచ్‌మన్ మోటరేశాడు. సంపులో నీళ్లు, పంపు గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు కిందకి దిగిపోయి ఉన్నాయి. పంపు గాలి పీల్చి, మూలిగి, నీళ్లెత్తడం మానేసింది.

నీళ్లు పట్టుకోని ఆ ఇరవయ్యో ఇల్లు సెక్రటరీగారిదే. ట్యాంకర్ వస్తుందని బిల్డింగులో తెలిసిన మనిషి ఆయనొక్కరే కదా! ఒళ్లంతా సబ్బుతో, తువ్వాలు చుట్టుకుని రెండో అంతస్తు తలుపు తట్టారు.

“టీచరుగారూ, ఒక్క బకెట్ నీళ్లు...”

“ఇస్తానండీ. మరి ట్యాంకర్ ఇక ఎప్పటికీ రాదని మీరే రాశారు కదా?”

ఆయన నీళ్లు నమిలారు. ఆ పూటకి ఆయన దగ్గరున్న నీళ్లు అవే.

అంతలో కింద హారను. నిద్ర లేచిన మేనల్లుడు బాల్కనీలోంచి “హియర్ కమ్స్ ద ట్యాంకర్!” అని కేక పెట్టాడు. కంట్లో సబ్బు మండుతున్నా ఆయనా ఉత్సాహంగా “హియర్ కమ్స్ ఇట్!” అన్నారు.

“‘ఇట్’ అయితే తిప్పకూడదండీ. ‘హియర్ ఇట్ కమ్స్’ అనాలి” అంటూ టీచరమ్మ బకెట్ చేతికిచ్చింది.

సంపు నిండింది, మోటరు మాత్రం మొండికేసింది. పంపు నెత్తిన ప్లగ్గు విప్పి, బుడగలు ఆగేదాకా నీళ్లు పోసి, మళ్లీ బిగించాలి. పోసిన నీళ్లు నిలవకుండా దిగిపోతున్నాయంటే ఫుట్‌వాల్వు రెక్కలో ఆకో చెత్తో ఇరుక్కున్నట్టు. ఇరుక్కుంది వేపాకు. అది తీసి మళ్లీ పోసేసరికి 9 దాటింది.

సాయంత్రం బోర్డు మీద సంజాయిషీ వెలిసింది. ఈసారి టీచరమ్మకి చూపించి మరీ అంటించారు: ‘హార్డ్లీ హ్యాడ్ ద ట్యాంకర్ కమ్ వెన్ ద మోటర్ స్టాప్డ్.’ హ్యాడ్ దాని చోట అది, వి-త్రీ దాని చోట అది, హార్డ్లీకి జోడీగా ‘దాన్’ కాకుండా ‘వెన్’. ఎర్ర పెన్నుకి పని లేదు.

దాని కింద 302 వాళ్ల పెన్సిల్: ‘నో సర్. మోటర్ స్టాప్డ్ ఫస్ట్.’